ఏటి గట్టు వదిలిన ఏడాది

నా ఏలుబడి నాలుగో ఏడు. మొదటి నెల, మూడో రోజు

ఊరు మారుస్తున్నాను. నిర్ణయం అయిపోయింది.

చౌ మహారాజు మా తాతకు ఈ శువాన్ నేలను ఇచ్చినప్పుడు ఏరు ఊరికి రెండు బాణాల దూరంలో ఉండేదట. మా నాన్న హయాంలో ఒక బాణం దూరానికి వచ్చింది. నిన్న నేనే నడిచి కొలిచాను. కుమ్మరివాడ చివరి ఇంటికీ నీళ్ళకీ మధ్య పదకొండు బారలు. పోయిన ఏడు పద్దెనిమిది. ఇంక ఎవరికైనా వివరించి చెప్పాలా?

కొత్త చోటు పసుపు దిబ్బ. పొద్దున ఎద్దుబండి కడితే మధ్యాహ్నం భోజనం వేళకు చేరతాం. ఎత్తుగా, చదునుగా ఉంటుంది. దిమ్మిసలతో కొడితే రాయిలా బిగిసే మన్ను. ఆరువందల గడపలు హాయిగా పడతాయి.

పొద్దున నా భార్య రుయ్‌కి చెప్పాను. ఆమె నార వడుకుతోంది.

"అక్కడ నీళ్ళెక్కడున్నాయి?" అంది.

"తవ్వుకుంటాం."

నావైపు కాస్త ఎక్కువసేపే చూసింది. మళ్ళీ వడకడంలో పడింది. ఒప్పుకున్నట్టే.

ఆస్థాన లేఖకుడు రాసేది రాబోయే తరాల కోసం. ఈ వెదురు బద్దలు నాకోసం. నా చేతిరాత బాగుండదు. చదివేవాళ్ళెవరూ లేరు గనక పరవాలేదు.


మొదటి నెల, తొమ్మిదో రోజు

పోయిన తాతలను అడగకుండా ఊరు కదల్చకూడదు. తాబేటి చిప్ప తెప్పించాను. చిప్ప చీలికల్లో వాళ్ళ మాట చదివేవాడు షెన్ తాత. మా నాన్నకూ ఆయనే చదివాడు.

"ఊరు మార్చవచ్చా?" అని అడిగాను. షెన్ తాత ఎర్రగా కాలిన చువ్వను చిప్పకు ఆనించాడు. టప్పుమని చిట్లింది. చీలికను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసి, "వద్దంటున్నారు" అన్నాడు.

"చువ్వ సరిగ్గా కాలలేదు. ఇంకో చిప్ప తియ్యి."

రెండోదీ చిట్లింది. "ఈసారి కాస్త గట్టిగానే వద్దంటున్నారు."

"ఇంకోటి."

"దొరా, ముసలాణ్ణి. ఏం చెప్పమంటారో అది చెప్పేస్తాను. ఊరికే తాబేళ్ళను ఎందుకు చంపడం?"

వెనక ఎవరో దగ్గారు. అది దగ్గు కాదు, నవ్వని నాకు తెలుసు. అందరినీ బయటికి పంపేశాను. మూడో చిప్ప కాల్చినప్పుడు మేమిద్దరమే ఉన్నాం.


మొదటి నెల, పదో రోజు

మూడోసారి శుభం. నా కళ్ళతో చూశాను. లేఖకుడు చిప్ప మీద చెక్కేశాడు కూడా.


రెండో నెల, ఆరో రోజు

అమ్మ పిలిపించింది. తాతల గుడిలో కంచు పాత్రలు తుడుస్తోంది. ఆ పని దాసీలకు ఇవ్వదు.

"చిప్ప శుభం అందటగా."

"అంది."

"ఆ రోజు నుంచీ షెన్ మంచం దిగలేదు. శుభం చెప్పినవాడికి అంత జబ్బేమిట్రా?"

"ముసలితనం."

"నాకన్నా రెండేళ్ళు చిన్నవాడు వాడు."

అమ్మ పాత్రను వెలుతురుకు ఎత్తి చూసి, మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

"మీ నాన్న ఇక్కడ పడుకున్నాడు. నేనూ ఇక్కడే పడుకుంటాను. నువ్వెళ్ళు కెంగ్. నీ గోడ కట్టుకో, నీ కొలువు పెట్టుకో. ఈ గుడీ, భూదేవత గద్దే, నేనూ ఇక్కడ ఉంటాం. రాజ్యం ఎక్కడుందో జనమే చెప్తారు."

అమ్మ దారికొస్తుంది. గోడ లేచాక చూడాలని తనకే అనిపిస్తుంది.


మూడో నెల, రెండో రోజు

పని అద్భుతంగా సాగుతోంది. చెక్కల మధ్య మన్ను పోయడం, దిమ్మిసలతో కొట్టడం, చెక్కలు పైకి జరపడం. మూడువందల మంది ఒక్క ఊపున కొడుతుంటే నేల అదురుతుంది. ఉత్తరం గోడ అప్పుడే నా భుజాల ఎత్తు లేచింది.

ఊపు కోసం పాట పాడతారు. నేను గుర్రం దిగేది చూసుకోకుండా ఇవాళ ఇలా పాడారు:

కాళ్ళు తడవని దొరగారండీ, కొండెక్కి కూచున్నారండీ,
దాహమండీ అని అడిగితే, చెమట చూపించారండీ.

నన్ను చూసి ముందు వరుసలో వాళ్ళు నోళ్ళు మూశారు. వెనక వరుసకు తెలియక ఇంకోసారి పాడారు. నేను నవ్వాను. ఒకడి దిమ్మిస తీసుకుని నేనూ నాలుగు దెబ్బలు వేశాను. "ఆ చివర మాట మళ్ళీ పాడండి, ఊపు బాగుంది" అన్నాను. ఇక చూడాలి వాళ్ళ కేకలు.

జనం నావైపే ఉన్నారు.


నాలుగో నెల, పన్నెండో రోజు

ఇవాళ ఏమీ రాయను.


నాలుగో నెల, పదమూడో రోజు

నిన్న రుయ్ ఏమీ తినలేదట. పట్టుపురుగులకు ఆకు వేసే రోజులు, పని ఎక్కువై ఉంటుంది. తూర్పు గోడ పూర్తి.


ఐదో నెల, పదహారో రోజు

మొదటి బావి ఇరవై బారలు తవ్వారు. పొడి మన్ను. నీటి జాడ లేదు.

బావులు తవ్వించడానికి కొండజాతివాణ్ణి ఒకణ్ణి పెట్టాను, పేరు ఆర్గు. మా నాన్న యుద్ధంలో పట్టుకొచ్చిన వాళ్ళలో వాడొకడు. మా పద్ధతులు ఇప్పటికీ వాడికి పట్టవు, నన్ను నువ్వు అనే అంటాడు. గుప్పెడు మన్ను నోట్లో వేసుకుని నమిలి ఉమ్మాడు.

"నీళ్ళున్నాయి."

"ఎంత లోతులో?"

"అది నన్నడక్కు. మన్నునడుగు."

"ఇప్పుడు నువ్వు అడిగావుగా. ఏమంది?"

"ఇంకా తవ్వమంది."

వాడి మాట మీద రెండోది వంద అడుగుల అవతల మొదలుపెట్టించాను. అప్పటిదాకా పాత ఊరి ఏటి నుంచి రోజూ ముప్పై బండ్ల మీద కుండలతో నీళ్ళు వస్తున్నాయి. ఇది కొన్నాళ్ళ ముచ్చటే.


ఐదో నెల, ఇరవై ఎనిమిదో రోజు

రెండో బావి ఇరవై నాలుగు బారలు. మన్ను చల్లబడింది. ఆర్గు మొదటిసారి పళ్ళు కనిపించేలా నవ్వాడు. నేను చెబుతూనే ఉన్నాను.


ఆరో నెల, ఐదో రోజు

రెండో బావి కూలింది. లోపల లీన్ ఉన్నాడు.


ఆరో నెల, ఆరో రోజు

లీన్, కుమ్మరివాడలో పెద్దరికం చేసే యావ్ అనే ఆమెకు తమ్ముడు. ముప్పై ఏళ్ళు కూడా లేవు. పక్కనుంచి తవ్వుకుంటూ వెళ్ళి ఇవాళ తీశారు.

ఇలాంటప్పుడు దొర వెళ్ళకూడదని లేఖకుడు అన్నాడు. వెళ్ళాను. యావ్ ఆవం ముందు నేల మీద కూర్చుని ఉంది. లేవలేదు.

"మంచి పనివాడు" అన్నాను.

"మీకేం తెలుసు దొరా, వాడు మంచి పనివాడో కాదో? వాడి పేరు మీకు నిన్న తెలిసింది."

నిజమే. నా బండి వెంట వచ్చిన భటుడు కత్తి మీద చెయ్యి వేశాడు. వాణ్ణి బయటికి పొమ్మన్నాను. ఇంకాసేపు నిలబడి వచ్చేశాను. లీన్‌తో పాటు పూడ్చడానికి ఒక కంచు గిన్నె పంపాను. సాయంత్రానికి తిరిగొచ్చింది.


ఆరో నెల, ఇరవయ్యో రోజు

వానలు మొదలయ్యాయి. పనికి వచ్చేవాళ్ళు మూడువందల నుంచి నూట పదికి తగ్గారు. వరిమళ్ళ పనని చెబుతున్నారు. శువాన్‌లో వరిమళ్ళు ఎక్కడున్నాయి! అందరివీ కొర్రచేలే.

ఏరు ఈ ఏడు దూడలా సాధువుగా ఉంది. గట్టు ఒక్క బార కూడా విరగలేదు.

వచ్చే ఏడు విరుగుతుంది.


ఏడో నెల, నాలుగో రోజు

దిబ్బ మీద ఇల్లు కట్టుకున్న ఎనభై కుటుంబాల్లో యాభై పాత ఊరికి తిరిగిపోయాయి. రాత్రికి రాత్రి కాదు, పట్టపగలు, నా ఎదురుగా, కోళ్ళగంపలు నెత్తిన పెట్టుకుని. ఒక ముసలమ్మ నన్ను చూసి నవ్వుతూ దణ్ణం పెట్టి మరీ పోయింది.

అమ్మ తాతల గుడిలో తీర్పులు చెబుతోందట. సరిహద్దు గొడవలూ, గొర్రెల గొడవలూ అన్నీ ఆమె దగ్గరికే వెళ్తున్నాయి. షెన్ తాత మంచం మీద నుంచే, అడిగినవాళ్ళకల్లా మూడో చిప్ప సంగతి చెబుతున్నాడట.

రేపు వెళ్తున్నాను. తల్లి అని చూడను.


ఏడో నెల, ఐదో రోజు

వెళ్ళాను. గుడిలో ఎవరూ లేకుండా తలుపులు వేయించాను. గట్టిగా అరిచాను కూడా. రెండు కొలువులుండవన్నాను, ఏటికి ఊరంతా బలైపోతుందన్నాను, పదకొండు బారలన్నాను, పద్దెనిమిది బారలన్నాను. అమ్మ నన్ను పూర్తిగా అరవనిచ్చింది.

"అయిందా?" అంది.

"అయింది."

"కుమ్మరివాడ ఎత్తి, గుడి వెనక పెడితే సరిపోతుంది. అరవై ఇళ్ళు. నెల పని. మీ నాన్న హయాంలో రెండుసార్లు అలాగే జరిపాం. నీకూ తెలుసు. మరి ఆరువందల గడపలూ ఎందుకు లేపుతున్నావు?"

"ఎప్పటికైనా..."

"ఒరేయ్, ఆ ఏటి చప్పుడు నీకు వినపడకూడదు. అంతేగా. లాన్ పోయిన దగ్గర్నుంచీ నువ్వు పడమటి కిటికీ తెరవలేదు."

రెండేళ్ళ తర్వాత నా ఎదుట ఎవరైనా దాని పేరు ఎత్తడం అదే మొదలు. ఎత్తవద్దని నేను చెప్పలేదు. ఎవరూ ఎత్తలేదు, అంతే.

"ఒక్క పిల్ల కోసం రాజ్యాన్ని లాక్కుపోతున్నావు కెంగ్" అంది అమ్మ. గొంతులో కోపం లేదు. "తప్పని అనను. కానీ అదేదో ఆ మాటే చెప్పు. తాబేటి నోట అబద్ధం పెట్టకు."

బయటికి వచ్చాను. బండివాడు ఎటు పోనివ్వమంటారని మూడుసార్లు అడిగాడట.


ఏడో నెల, ఆరో రోజు

లాన్. ఆరేళ్ళు. రెండేళ్ళ కిందట నాలుగో నెల పన్నెండున, కుమ్మరివాడ దిగువన, చాకిరేవు పక్క. గట్టు అంచున కూర్చుని ఉండగా గట్టే విరిగిపడింది. మూడో రోజు దొరికింది.

మూడో చిప్ప కూడా వద్దనే అంది.


ఏడో నెల, ఇరవయ్యో రోజు

ఇవాళ జరిగింది పూర్తిగా రాస్తాను.

అన్ని గడపల పెద్దలనూ పాత ఊళ్ళో గుడి ముంగిట పిలిపించాను. షెన్ తాతను చెక్క మీద మోసుకొచ్చారు. అమ్మ మెట్ల మీద కూర్చుంది. రుయ్ స్త్రీల వైపు, అందరికన్నా వెనక నిలబడింది. ముంగిలి నిండిపోయి జనం గోడలెక్కారు.

నేను పెద్ద మాటలేమీ తయారుచేసుకోలేదు. మూడు విషయాలున్నాయన్నాను.

"తాతలు మూడుసార్లూ వద్దన్నారు. శుభమని చెక్కించింది నేను. షెన్ తాత తప్పు ఏమీ లేదు."

గొణుగుడు లేచింది. షెన్ తాత చెక్క మీద నుంచే, "ఇన్నాళ్ళకు నా జబ్బు తగ్గేట్టుంది" అన్నాడు. కొందరు నవ్వారు.

"రెండోది. ఏటి కోత నిజం. కానీ కోత కోసమైతే కుమ్మరివాడ ఒక్కటి జరిపితే చాలు. అది నాకు మొదటినుంచీ తెలుసు. మూడోది, నా కూతురు ఈ ఏట్లో పోయింది. ఈ ఊళ్ళో నేను ఉండలేను. దానికి మిమ్మల్నందరినీ లాగాను. లీన్‌ను చంపుకున్నాను. ఇక ఎవరినీ బలవంతపెట్టను. ఉండేవాళ్ళు ఉండండి. నేను మాత్రం దిబ్బ మీదే ఉంటాను. దొర లేకుండా గడవదనుకుంటే, అమ్మ ఉంది, నాకంటే బాగా తీర్పు చెబుతుంది."

తల దించుకోవాలనిపించలేదు. విచిత్రంగా తేలిగ్గా ఉంది.

అప్పుడు కుమ్మరి యావ్ ముందుకొచ్చింది. నాకు దణ్ణం పెట్టలేదు.

"దొరా, మీ పాప పోయినప్పుడు ఊరంతా తెల్లబట్టలు కట్టాం. మూడు నెలలు ఏ ఇంట్లోనూ డప్పు మోగలేదు. గుర్తుందా?"

"ఉంది."

"మా వాడలో ఏడేళ్ళలో తొమ్మిది మంది పోయారు. అదే గట్టు. అదే రేవు. ఒక్కరికైనా మీరు బట్ట మార్చారా?"

తొమ్మిది మంది అన్న మాట నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. గట్టును ఏటేటా కొలిచినవాణ్ణి నేను. ఎన్ని బారలు విరిగిందో నాకు తెలుసు. ఆ విరిగిన బారల మీద ఎవరు కూర్చుని ఉన్నారో ఎన్నడూ అడగలేదు.

"నాకెవరూ చెప్పలేదు" అన్నాను.

"మీరడగలేదు."

"అడుగుతున్నాను. పేర్లు చెప్పు."

చెప్పింది. ఒక్కొక్క పేరూ చెప్పి, ఎవరి బిడ్డో చూపించింది. చూపించినప్పుడల్లా జనంలోంచి ఒకరు ముందుకు వచ్చారు. వాళ్ళలో ఒకడు ఉత్తరం గోడ మీద ఆ పాట ఎత్తినవాడు. తొమ్మిదో పేరు యావ్ సొంత కొడుకుది. ఆ పేరు ఆమె చెప్పలేకపోయింది. వెనకనుంచి రుయ్ చెప్పింది. ఆమెకు ఎలా తెలుసో నాకు అప్పుడు తెలియలేదు.

యావ్ ముక్కు తుడుచుకుని జనం వైపు తిరిగింది.

"కుమ్మరివాడ అరవై ఇళ్ళూ దిబ్బకు పోతున్నాయి. గుడి వెనక్కి జరిగితే పిల్లలు ఏటికి రారా? ఈ ఊళ్ళో ఎక్కడ పెట్టినా ఆటకు ఏటికే వస్తారు."

"తాతలు వద్దన్నారు కదే!" అని ఎవరో అరిచారు.

"తాబేలు వద్దంది. తాబేలుకేం, దానికి ఈత వచ్చు."

ముందు షెన్ తాతే నవ్వాడు. చెక్క మీద పడి పడి నవ్వాడు. ఆ నవ్వు ముంగిలంతా పాకింది. మొన్నటిదాకా నేను ఎన్ని చిప్పలు కాల్చినా కాని పని ఆ ఒక్క మాటతో అయిపోయింది.

యావ్ మళ్ళీ నావైపు తిరిగింది. "రెండు మాటలు దొరా. నీళ్ళు పడితే బావి చుట్టూ నా నడుమెత్తు గోడ కట్టించాలి. పిల్లలు బావిలోనూ పడతారు."

"కట్టిస్తాను. రెండోది?"

"మా తమ్ముడు దిగిన బావిలోకి మీరూ దిగాలి."

లేఖకుడు నా చెయ్యి పట్టుకున్నాడు. విడిపించుకున్నాను.

"రేపే" అన్నాను.


ఏడో నెల, ఇరవై మూడో రోజు

రేపే అన్నాను గానీ ఆర్గు ఒప్పుకోలేదు. "లీన్ బావి చచ్చింది. దాన్ని కెలికితే నువ్వూ చస్తావు. పక్కన కొత్తది తవ్వుదాం. ఈసారి నేను చెప్పినట్టు, మన్ను కూలకుండా చుట్టూ చెక్కల ఒర దించుతూ తవ్వాలి. అప్పుడే చెప్పాను. చెక్కలు గోడకు కావాలన్నావు."

చెప్పాడు. నాకు గుర్తుంది. గోడ తొందరగా లేవాలని నేనే వద్దన్నాను. ఆ సంగతి యావ్‌కి నేనే వెళ్ళి చెప్పాను. ఆవంలోకి ఇంకో కట్టె తోసింది. "అయితే చెక్కలు పెట్టించండి" అంది చివరికి.

దక్షిణం గోడ పని ఆపించి చెక్కలన్నీ బావికి ఇచ్చాను.


ఎనిమిదో నెల, పదకొండో రోజు

రోజూ నా వంతు దిగుతున్నాను. తాడుకు కట్టిన గంపలో కూర్చోబెట్టి దించుతారు. లోపలినుంచి చూస్తే ఆకాశం పళ్ళెమంత కనిపిస్తుంది. పైనుంచి ఒకడు, "దొరగారి తల మీద మన్ను పోయకండ్రా, కిరీటం పాడవుతుంది" అంటాడు. అది విని నేను కింద ఒంటరిగా నవ్వుకుంటాను.

ముప్పై బారలు. ఇంకా పొడి. ఇక్కడే పడుతుంది. ఈ మాట ఈసారి ధైర్యం కోసం రాయడం లేదు, నాకు తెలిసి రాస్తున్నాను. మన్ను రంగు మారింది.


ఎనిమిదో నెల, పదిహేడో రోజు

ముప్పై నాలుగు బారలు. మధ్యాహ్నం, యావ్ మేనల్లుడు కింద ఉన్నాడు. "చెప్పులు తడిసినై!" అని కేక వేశాడు. అందరం ఒక్కసారే తాడు మీద పడ్డాం. మొదటి కుండ పైకి వచ్చింది. సగం బురద. ఆర్గు వేలు ముంచి నాకి, నేల మీద కూర్చున్నాడు.

"మన్ను అబద్ధం చెప్పదు" అన్నాడు.

"నేను మాత్రం చెప్తాను, అదేనా?"

"నేనలా అనలేదు. నువ్వన్నావు."


తొమ్మిదో నెల, ఎనిమిదో రోజు

నాలుగువందల పదహారు గడపలు వచ్చేశాయి. మిగతావాళ్ళు పాత ఊళ్ళోనే ఉంటామన్నారు, ఉండనిచ్చాను. రేవుకు మెట్లు కట్టి, గట్టు అంచున కంప పాతించాను. ఎవరి బిడ్డకు ఏమైనా నాకు కబురు రావాలని అక్కడి పెద్దకు చెప్పాను.

ఇవాళ అమ్మ వచ్చింది. ఎద్దుబండి మీద తాతల పేరు పలకలు, ఒడిలో భూదేవత గద్దె మన్ను ఒక కుండ నిండా.

"నేనుగా రాలేదు. వీళ్ళే వద్దామన్నారు" అని పలకలను చూపించింది.

బావి నీళ్ళు ఇచ్చాను. నోట్లో పోసుకుని మొహం అదోలా పెట్టింది.

"ఉప్పగా ఉన్నాయి."

"అలవాటవుతుంది."

"ఈ వయసులో నాకు కొత్త అలవాట్లేమిట్రా" అంటూ గిన్నె మళ్ళీ చాపింది.


పదో నెల, మొదటి రోజు

బావి చుట్టూ గోడ ఇవాళ పూర్తయింది. యావ్ తానే వచ్చి నడుము ఆనించి చూసుకుని, నాలుగు వేళ్ళ ఎత్తు తక్కువైందని మళ్ళీ కట్టించింది.

మధ్యాహ్నం రుయ్ వచ్చి నా పక్కన ఆ గోడ నీడలో కూర్చుంది. యావ్ కొడుకు పేరు నీకెలా తెలుసని అప్పుడు అడిగాను.

"లాన్ చెప్పేది" అంది. "రోజూ వాళ్ళతోనే ఆడేది కదా. వంటింట్లో కొర్ర రొట్టెలు ఒడిలో దాచుకుని వాళ్ళకు పట్టుకుపోయేది. నేను చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని."

"నాకు తెలియదు."

"మీకేం చెప్పేది కాదు. మిమ్మల్ని గుర్రాలాయన అనేది. గుర్రాలాయన వచ్చాడా, పోయాడా అని అడిగేది. ఎప్పుడు చూసినా రథం మీదే ఉండేవారుగా."

నవ్వు వచ్చింది. తర్వాత నవ్వు కానిది వచ్చింది. రుయ్ నా భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

"ఇంకా చెప్పు" అన్నాను.

చెప్పింది. రెండేళ్ళుగా ఒక్కతే మోసినదంతా చెప్పింది. దానికి కోళ్ళంటే భయమట. పాటలో మాటలు మరిచిపోతే సొంతవి కల్పించేదట. పై పన్ను ఊడితే నాకు చూపించాలని మూడు రోజులు దాచిందట, నేను సరిహద్దులో ఉన్నానట.

పొరుగు రాజ్యం దూత వచ్చి కొలువు గుమ్మంలో నిలబడి ఉన్నాడని లేఖకుడు రెండుసార్లు కబురు పంపాడు. నిలబడనీ అన్నాను. రుయ్ ఇంకా చెబుతోంది.